గుంటూరు డాబా మీద డోమ్: ముందు పియర్, తర్వాతే పైకప్పు

ప్రశ్న: మాది గుంటూరు విద్యానగర్‌లో రెండంతస్తుల ఇల్లు. 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోప్, జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్ (నక్షత్రం వెంట టెలిస్కోప్‌ని తిప్పే పీఠం) ఉన్నాయి. ప్రతిసారీ డాబా మీదికి మోసుకెళ్ళి ధ్రువ నక్షత్రానికి సరిచేసుకునేసరికే గంట పోతోంది. అందుకని 3 మీటర్ల డోమ్‌తో చిన్న అబ్జర్వేటరీ కట్టుకుందామనుకుంటున్నాను. మెట్లగది పైన పెడితే ఎత్తుగా ఉంటుందని ఇంట్లోవాళ్ళ మాట. పేరేచర్ల దగ్గర 5 సెంట్ల ఖాళీ స్థలం కూడా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయన డ్రాయింగ్ ఇస్తే డోమ్ చేసిపెడతానన్నాడు. ఎక్కడ కట్టాలి? ఆయనకు ఏ కొలతలు ఇవ్వాలి? మన ఎండలకీ వానలకీ తట్టుకోవాలంటే ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఇంటి డాబా మీదే కట్టండి. మెట్లగది పైన వద్దు. పేరేచర్ల స్థలం సంగతి ఇప్పుడే వద్దు.

కొలతల్లోకి వెళ్ళేముందు ఒక మాట. మన దగ్గర ఆకాశం నమ్మకంగా దొరికేది నవంబరు చివరి నుంచి మే దాకా. మిగతా నెలల్లో చాలా రాత్రులు డోమ్ మూసే ఉంటుంది. బయట దొరికే డ్రాయింగులు చాలామటుకు చలిదేశాల వాళ్ళు తమకోసం గీసుకున్నవి. 45 డిగ్రీల ఎండ, నాలుగు నెలల తేమ, అక్టోబరు తుఫాను వాటి లెక్కలో ఉండవు. అందుకని మేస్త్రీకి ఇచ్చే ప్రతి కొలతనీ మూసి ఉన్న డోమ్‌ని దృష్టిలో పెట్టుకుని ఇవ్వండి.

పేరేచర్ల వైపు చీకటి ఎక్కువే, కాదనం. కానీ మనిషి కాపలా లేని చోట మౌంటు, కెమెరా వదిలి రావడం కష్టం. రెండోది నేల. మీ స్థలం నల్లరేగడి అయితే అది వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానలకు ఉబ్బుతుంది. మామూలుగా మూడడుగుల గుంట తీసి పోసిన దిమ్మె దానితోపాటు ఒరుగుతుంది, ధ్రువానికి సరిచేసుకున్నది ప్రతి ఏడూ పోతుంది. అక్కడ కట్టాలంటే కాంక్రీటు 3.5 మీటర్ల లోతుకు, అడుగున ఉబ్బెత్తు ఉన్న అండర్ రీమ్డ్ పైల్‌గా దిగాలి. అది వేరే ఖర్చు. ఊళ్ళోని డాబా మీద నుంచి చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు, వెలుగు మారే నక్షత్రాలు హాయిగా చూడొచ్చు. ఎంచుకున్న ఒక్క రంగు కాంతినే వదిలే నారోబ్యాండ్ ఫిల్టర్లతో నెబ్యులాల (ఆకాశంలోని వాయు మేఘాల) ఫొటోలూ తీయొచ్చు. పల్చటి గెలాక్సీల కోసం మాత్రం ఏడాదికి కొన్ని రాత్రులు చిన్న టెలిస్కోప్ పట్టుకుని ఊరు దాటి వెళ్ళక తప్పదు.

మెట్లగది ఎందుకు వద్దంటే, దాని గోడలు సాధారణంగా నాలుగున్నర అంగుళాలవి, శ్లాబు పల్చన, వాటర్ ట్యాంకు కూడా అక్కడే ఉంటుంది. ఎవరు మెట్లెక్కినా, మోటారు ఆన్ చేసినా 200 రెట్ల పవర్‌లో నక్షత్రం చుక్కగా నిలబడదు, గీతగా సాగుతుంది.

పియర్, అంటే మౌంటునీ టెలిస్కోప్‌నీ మోసే స్తంభం, డాబా మీద ఎక్కడ రావాలన్నది తేల్చేది ఒక్కటే: కింద పిల్లర్ ఎక్కడుందో అక్కడ. పై అంతస్తు వేసుకోవచ్చని మన ఇళ్ళలో పిల్లర్ ఊచలు రెండు మూడు అడుగులు బయటికి వదిలేస్తారు. మీ డాబా మధ్యలో గానీ, పిట్టగోడకు కనీసం రెండు మీటర్లు లోపలగా గానీ అలాంటి పిల్లర్ ఉంటే సగం పని అయిపోయినట్టే. ఇక మూడో అంతస్తు వెయ్యబోమని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే దాన్ని వాడుకోండి. మధ్యలో పిల్లర్ లేకపోతే రెండు దూలాలు కలిసే చోటు చూడండి. ఉత్త శ్లాబు నడుమ మాత్రం పియర్ నిలపొద్దు, అడుగు తీసి అడుగు వేస్తే అది కదులుతుంది. కట్టేముందు ఒక రాత్రి ఆ చోటే ట్రైపాడ్ పెట్టి 200 రెట్లలో ఒక నక్షత్రాన్ని పట్టుకోండి. పక్కన ఒకరిని నడవమనండి. వణుకు ఒకటి రెండు సెకన్లలో సద్దుమణిగితే చోటు మంచిదే. ఐదారు సెకన్లు సాగితే వేరే పిల్లర్ చూసుకోండి.

పియర్‌ని 300 × 300 మి.మీ. కాంక్రీటుతో 750 మి.మీ. ఎత్తుకే ఆపండి. 12 మి.మీ. ఊచలు నాలుగు, 8 మి.మీ. రింగులు 150 మి.మీ.కి ఒకటి చాలు. పాత ఊచల తుప్పును వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, కొత్త ఊచను కనీసం 600 మి.మీ. పక్కపక్కన కలిపి కట్టాలి. అడుగున ఉన్న పాత కాంక్రీటును ఉలితో గరుకు చేసి, సిమెంటు పాలు పూసి అప్పుడు పోయించండి. 1:1½:3 పాళ్ళలో అర బస్తా పైచిలుకు సిమెంటు సరిపోతుంది. ఎండాకాలంలో పోస్తే గోనెపట్టాలు చుట్టి 21 రోజులు తడుపుతూనే ఉండాలి.

దాని పైన 400 మి.మీ. మేర 168 మి.మీ. బయటి వ్యాసం, 6 మి.మీ. మందం ఉన్న ఇనప పైపు నిలపండి. రెండు చివర్లా 12 మి.మీ. పలకలు వెల్డింగ్ చేయించి, పైపులో ఎండు ఇసుక నింపండి. కాంక్రీటునే పైదాకా తీసుకుపోతే ఏమవుతుందన్న అనుమానం మేస్త్రీకి వస్తుంది. గుంటూరు అక్షాంశం 16 డిగ్రీల 18 నిమిషాలు. అంటే మౌంటు ధ్రువ అక్షం భూమికి దాదాపు అడ్డంగా, 16 డిగ్రీలే పైకెత్తి ఉంటుంది. అప్పుడు గొట్టానికి ఎదురు తూకంగా ఉండే బరువుల కడ్డీ కిందికి వేలాడినప్పుడు పియర్ ఉత్తర ముఖాన్ని ఆనుకునేంత దగ్గరగా వస్తుంది. పైభాగం 300 మి.మీ. వెడల్పుంటే బరువులు దానికి కొట్టుకుంటాయి, మోటారు గేర్లు అరుగుతాయి. సన్నటి పైపు ఉంటే ఆ బాధ లేదు. మీ మౌంటు స్కేలు 16 డిగ్రీల దాకా దిగుతుందో లేదో, దిగినప్పుడు మోటారు పెట్టె అడుగు పలకకు తగులుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఫోర్కు మౌంటు (గొట్టాన్ని రెండు చేతుల మధ్య పట్టుకునేది), దాని కింద వెడ్జ్ (ఫోర్కును ధ్రువం వైపు వాల్చే ఏటవాలు పీఠం) కొనాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మానుకోండి. ఈ అక్షాంశంలో ఫోర్కు దాదాపు పడుకుని ఉంటుంది, బరువంతా వెడ్జ్ మీద ఒక పక్కకు వేలాడుతుంది. ఇక్కడికి జర్మన్ మౌంటే సరైనది.

పైపు పలకకీ మౌంటు పలకకీ మధ్య పొడవాటి మరల బోల్టులు పెట్టి మట్టం చేసుకునే ఏర్పాటు చాలామంది చేస్తారు. ఆ సందు 25 మి.మీ. దాటితే, ఎంత బలమైన పియర్ అయినా బోల్టుల దగ్గరే ఊగుతుంది. 16 మి.మీ. బోల్టులు నాలుగు వాడి, సందును వీలైనంత తగ్గించండి.

చుట్టూ వచ్చే నేల పియర్‌కు ఎక్కడా తగలకూడదు. ప్లైవుడ్ నేల వేస్తే పియర్ చుట్టూ 25 మి.మీ. ఖాళీ వదిలి, అందులో మెత్తటి స్పాంజి కూరి పురుగు దూరకుండా చెయ్యండి. కేబుల్ పైపు కూడా పియర్‌ని ఆనకుండా పైకి రావాలి.

గోడ ఇటుకతో కట్టించొద్దు. మనుషులు తిరిగే డాబాకి ఐ.ఎస్. 875 (కట్టడాలు మోయాల్సిన బరువులకు భారతీయ ప్రమాణం) లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మీ డోమ్ కింద ఉండేది 7 చదరపు మీటర్లు, అంటే వెయ్యి కిలోల చిల్లర. 1.35 మీటర్ల ఎత్తున చుట్టూ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపితే అదొక్కటే రెండున్నర టన్నులు దాటుతుంది. పైగా పగలంతా కాగిన ఇటుక అర్ధరాత్రి దాకా వేడి వదులుతూ టెలిస్కోప్ ముందు గాలిని ఆడిస్తుంది. ఎనిమిది ఇనప నిలువులు నిలిపి, బయట తెల్ల రంగు పూత రేకు, లోపల 6 మి.మీ. ప్లైవుడ్, మధ్యలో 25 మి.మీ. థర్మాకోల్ పెట్టండి. మొత్తం 250 కిలోలకు అటూఇటుగా తేలుతుంది. నిలువుల అడుగు పలకలు దూలాల మీదికి వచ్చేలా చూసుకుని, 12 మి.మీ. కెమికల్ యాంకర్లతో బిగించి, ఆ రంధ్రాల చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ చేయించండి. మునిసిపల్ లైసెన్సు ఉన్న ఇంజనీరు ఒకరికి మేస్త్రీకిచ్చే డ్రాయింగ్ చూపించి, బరువుకీ అనుమతికీ రెండిటికీ ఆయన మాట తీసుకోండి.

ఇక గాలి. ఇదే ప్రమాణం మూడో భాగం విజయవాడకు సెకనుకు 50 మీటర్ల మూల గాలి వేగం ఇచ్చింది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. డోమ్ గుండ్రని వీపు మీదుగా గాలి పారితే దాన్ని పైకి లాగుతుంది. 7 చదరపు మీటర్లకు అది సుమారు వెయ్యి కిలోల లాగుడు. మీ డోమ్ బరువు 160 నుంచి 180 కిలోలు. అంటే బరువు దాన్ని నిలపదు, కొక్కేలే నిలపాలి. మేస్త్రీ దగ్గర అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టాల్సింది దీని గురించే. లారీ బాడీ కట్టేవాళ్ళకు బరువు మోసే పని బాగా తెలుసు. ఇక్కడ బరువు పైకి లేస్తుంది, ఆ సంగతి ముందే చెప్పండి.

రింగు విషయం. డోమ్ అడుగున ఉండి దానితోపాటు తిరిగే రింగుకి 50 × 50 × 6 మి.మీ. యాంగ్లర్ (L ఆకారపు ఇనుము). ఒక రెక్క అడ్డంగా లోపలికి, రెండోది నిలువుగా కిందికి ఉండేలా, బయటి వ్యాసం 3,000 మి.మీ. వచ్చేటట్టు వంపించాలి. చుట్టుకొలత 9.42 మీటర్లు. 6 మీటర్ల యాంగ్లర్లు రెండు తీసుకుంటే ఒక్కోదాంట్లో 4.71 మీటర్లు వాడుకుంటాం. మిగిలేది వృథా అనుకోవద్దు: వంచే మిషను రెండు చివర్లా పావు మీటరు దాకా తిన్నగా వదిలేస్తుంది, ఆ ముక్కలు కోసి పారెయ్యాలి. అది చెయ్యకుండా అతికిస్తే అతుకుల దగ్గర రింగు కోలగా ఉండి ప్రతి చుట్టుకీ అక్కడే పట్టేస్తుంది. వెల్డింగ్ ఒక పక్క నుంచి వరసగా లాగించొద్దు. ఎదురెదురుగా చిన్న చిన్న టాకాలు వేసి చల్లారనివ్వాలి. పని అయ్యాక నడుమ ఒక మేకు కొట్టి, 1,500 మి.మీ. బద్దను దాని చుట్టూ తిప్పి చూడండి. ఎక్కడా 3 మి.మీ. కన్నా తేడా ఉండకూడదు. అతుకుల మీద చక్రం దొర్లే ముఖాన్ని గ్రైండర్‌తో నునుపు చేయించండి.

గోడ తల మీద ఉండే కదలని రింగు వ్యాసం దీనికన్నా 100 మి.మీ. తక్కువ, 2,900. ఎనిమిది నిలువుల తలల మీదా ఒక్కో చక్రం, 75 మి.మీ. నైలాన్‌ది, బాల్ బేరింగ్ ఉన్నది. పాలీయూరిథేన్ చక్రాలు చప్పుడు చెయ్యవు గానీ మన వేడికీ తేమకీ కొన్నేళ్ళలో పొడిపొడిగా రాలతాయి, నెలలకొద్దీ ఒకేచోట ఆగితే చదును పడతాయి. చక్రం ఇరుసు గీత సరిగ్గా డోమ్ కేంద్రం వైపు చూడాలి. కొంచెం వంకర ఉన్నా రింగు పక్కకు పాకుతుంది. కిందికి దిగిన రెక్క లోపలి ముఖానికి ఆనేలా అడ్డంగా మరో ఎనిమిది బేరింగులు పెడితే డోమ్ పక్కకు జరగదు. చక్రాల మట్టానికి రసమట్టం చాలదు, నీళ్ళ ట్యూబుతో ఎనిమిదింటినీ చూసి 2 మి.మీ. లోపు తేవాలి. మట్టం తప్పితే బరువంతా మూడు చక్రాల మీదే పడి అవే అరుగుతాయి.

కొక్కేలు ఎనిమిది, నిలువుల లోపలి వైపు నుంచి లేచి అడ్డ రెక్క లోపలి అంచు మీదికి 15 మి.మీ. వంగాలి. మధ్య సందు 5 మి.మీ. ఇవి ఎప్పుడూ ఉండేవి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు బిగించడానికి ప్రతి కొక్కేనికీ ఒక 12 మి.మీ. బోల్టు, రెక్కను గట్టిగా కిందికి అదిమేలా ఉండాలి. ఒక్కోదాని వంతు వంద కిలోల చిల్లర లాగుడు, బోల్టుకు అది లెక్కలోది కాదు. పగిలితే వెల్డింగే పగులుతుంది, కాబట్టి అక్కడ నాణ్యత చూడండి.

ఆకాశం వైపు తెరుచుకునే స్లిట్ దగ్గరికి వచ్చేసరికి మన ఊరి లెక్క మారిపోతుంది. ఉత్తర దేశాల డోముల్లో స్లిట్ నడినెత్తిన ఆగిపోయినా పెద్దగా నష్టం లేదు, వాళ్ళ గ్రహాలు దక్షిణాన వాలుగా తిరుగుతాయి. మనకు రోహిణి నక్షత్రం సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. స్వాతి మూడు డిగ్రీల దూరంలో, కృత్తికలు ఎనిమిది డిగ్రీల దూరంలో పోతాయి. గురు గ్రహం వృషభ, మిథున రాశుల్లో ఉన్న ఏళ్ళలో నడినెత్తికి ఏడు డిగ్రీల లోపే వస్తుంది. గాలి పొర అతి పల్చగా ఉండే ఆ చోటే గ్రహాలు అతి స్పష్టంగా కనిపిస్తాయి. దాన్ని రేకుతో మూసేసుకుంటే డోమ్ కట్టినందుకు అర్థం లేదు. అందుకని స్లిట్ నడినెత్తి దాటి ఇంకో 15 డిగ్రీలు, అంటే వంపు మీద 393 మి.మీ. వెనక్కి పోవాలి.

కింద కూడా అంతే జాగ్రత్త. ధ్రువ నక్షత్రం 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. దక్షిణాన ఒమేగా సెంటారీ గుచ్ఛం అతి ఎత్తుకు వచ్చినప్పుడు 26 డిగ్రీలు, అగస్త్య నక్షత్రం 21 డిగ్రీలు. స్లిట్ 5 డిగ్రీల దగ్గర మొదలవ్వాలి. వెడల్పు 900 మి.మీ. పెట్టండి.

తలుపులు రెండు ముక్కలుగా చేయించండి. కిందిది 5 నుంచి 33 డిగ్రీల దాకా, అడుగున కీళ్ళతో బయటికి వాలేది. పైది 30 నుంచి 105 డిగ్రీల దాకా, పట్టాల మీద వెనక్కి జారేది. పై తలుపు వంపు 75 డిగ్రీలకు మించకూడదు, ఎందుకంటే వెనక మిగిలేది 105 నుంచి 180 వరకు, సరిగ్గా అంతే. దాని పొడవు 1,963 మి.మీ. వస్తుంది. మూసేటప్పుడు ముందు కింది తలుపు, తర్వాత పైది. పై తలుపు అంచు కింది దాని మీదికి 3 డిగ్రీలు, అంటే 80 మి.మీ. కప్పుతుంది కాబట్టి వాననీరు జారిపోతుంది. నడుమ నుంచి రెండు పక్కలకి విడిపోయే తలుపులు చూడ్డానికి బావుంటాయి, చేయడమూ తేలిక. కానీ వాటి అతుకు సరిగ్గా నెత్తి మీద, వాన నిటారుగా పడేచోట ఉంటుంది. మాకు అది నచ్చదు. పై తలుపు బేరింగులు పట్టా పైన ఒకటి, కింద ఒకటిగా జతలు జతలుగా ఉండాలి, లేకపోతే డోమ్ నిలిచినా తలుపు ఎగిరిపోతుంది. 3 మి.మీ. ఇనప తాడు, చేతి విన్చి చాలు.

ఇంకో సుగుణం. మన దగ్గర తూర్పున లేచిన నక్షత్రం దాదాపు నిట్టనిలువుగా ఎక్కుతుంది. రోహిణి లేచింది మొదలు నడినెత్తికి చేరేదాకా, ఆరు గంటల్లో, దిక్కు 17 డిగ్రీలే మారుతుంది. అంటే గంటలకొద్దీ డోమ్‌ని ముట్టుకోనక్కర్లేదు, పై తలుపు తెరిచి ఉంచితే చాలు. నడినెత్తి దాటగానే మాత్రం కొద్ది నిమిషాల్లో తూర్పు నుంచి పడమరకు మారిపోతుంది, జర్మన్ మౌంటు కూడా అప్పుడే గొట్టాన్ని అటు నుంచి ఇటు మార్చుకోవాలి. గొట్టం మౌంటు మధ్యలో ఉండదు, సుమారు 350 మి.మీ. పక్కకు ఉంటుంది. అందుకే గొట్టం చూసే దిక్కూ స్లిట్ ఉండాల్సిన దిక్కూ ఒకటి కావు. చేత్తో తిప్పేటప్పుడు దిక్సూచిని నమ్మకండి. గొట్టం వెనక నిలబడి దాని నాలుగు అంచుల వెంటా చూపు సారించి, స్లిట్ అంచు ఎక్కడా అడ్డురావడం లేదని చూసుకోండి. మొదటి ఏడాది చేత్తోనే తిప్పండి. డోమ్ నడక తెలిశాక కావాలంటే కారు వైపర్ మోటారుతో రబ్బరు చక్రం ఆనించి తిప్పే ఏర్పాటు పెట్టుకోవచ్చు.

డోమ్ పైతొడుగు 1 మి.మీ. అల్యూమినియం రేకుతో పన్నెండు పలకలుగా చేయించండి. ఫైబర్ డోమ్ తేలిగ్గా, అతుకులు తక్కువగా ఉంటుంది కానీ ఒక్క డోమ్ కోసం అచ్చు చేయించడం దండగ. 25 మి.మీ. చదరపు గొట్టాలతో పక్కటెముకల్లా పన్నెండు వంపులు. రెండు వంపుల మధ్య పలక వెడల్పు అడుగున 776 మి.మీ. వంపు మీద 393 మి.మీ. పైకి పోయిన ప్రతిసారీ (అంటే 15 డిగ్రీలకోసారి) వెడల్పు వరసగా 750, 672, 549, 388, 201 మి.మీ., చివరికి సున్నా. రెండు పక్కలా రివెట్లకు 25 మి.మీ. కలుపుకోండి. పొడవు 2,356 మి.మీ., కాబట్టి 8 × 4 అడుగుల రేకులో ఒక్కో పలక నిడివికి సరిపోతుంది. పలక నడిమి గీత వంపు కన్నా కొద్దిగా పొట్టి అవుతుంది గనక, ముందు అట్టతో ఒకటి కోసి చట్రం మీద పరిచి చూశాకే రేకు కోయించండి. ఇనుమూ అల్యూమినియమూ తడిలో నేరుగా తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి బారుతుంది. మధ్యలో బ్యూటైల్ టేపు, రబ్బరు వాషరు ఉన్న అల్యూమినియం రివెట్లు తప్పనిసరి. ఎండకు 40 డిగ్రీల తేడా వస్తే ఆ పొడవు రేకు 2 మి.మీ. సాగుతుంది, కాబట్టి పై చివర రంధ్రాలు కోలగా ఉండాలి.

నీటిని ఆపాల్సింది మడత, సిలికాన్ కాదు. సిలికాన్ కొన్నేళ్ళకు అంచుల దగ్గర ఊడొచ్చు. స్లిట్ రెండు అంచులా 50 మి.మీ. గట్టు లేపి, తలుపు అంచు దాని మీదుగా కిందికి మడత పడితే వాన లోపలికి ఎక్కలేదు. రింగు దగ్గర తిరిగే భాగం నుంచి 150 మి.మీ. రేకు గోడ బయటికి వేలాడాలి, లోపలి వైపు నైలాన్ బ్రష్ పట్టీ ఉండాలి. గాలివానలో నీళ్ళు కింది నుంచి పైకి కూడా కొడతాయి, దాన్ని ఆపేది ఈ రెండే. మే నెలాఖరులో ఒక సాయంత్రం ట్యాంకు పైపుతో డోమ్ మీద నాలుగు వైపుల నుంచీ, కింది నుంచి పైకీ పావుగంటసేపు నీళ్ళు కొట్టించండి. మీరు లోపల టార్చి పట్టుకుని కూర్చోండి. చినుకు ఎక్కడ కనిపించిందో అక్కడ చాక్‌పీసుతో గీత గీసి, బయటి నుంచి మడత సరిచేయించండి.

వేడికి మొదటి మందు తెలుపు. డోమ్ బయట కూల్ రూఫ్ రంగు, చుట్టూ డాబా మీద సున్నం. గోడకు ఉత్తరం వైపు అడుగున గాలి సందు, దక్షిణం వైపు పైన 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి మధ్యాహ్నం నుంచే నడపండి. సూర్యాస్తమయం అయ్యాక, చూడటం మొదలెట్టే గంట ముందుగా తలుపు తెరిస్తే అద్దం, గొట్టం బయటి గాలికి సర్దుకుంటాయి. ప్రతి సందుకీ సన్నటి స్టీలు జాలీ వెయ్యండి. బల్లులు, ఎలుకలు, పావురాలు సరే, మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు బేరింగ్ పక్కన, పైపు చివర్లలో, ఫ్యాను ఇరుసు మీద వారంలో గూడు కడతాయి. అది చూడకుండా తిప్పితే మట్టి బేరింగ్‌లోకి పోతుంది.

జూన్ నుంచి అక్టోబరు దాకా తేమ అద్దాల మీద బూజు పుట్టిస్తుంది. బూజు గాజు పూతను తినేస్తే తుడిచినా పోదు. ఐపీసులు (కన్ను ఆనించి చూసే కటకాలు), కెమెరా ఇంట్లో డ్రై బాక్సులో పెట్టండి. టెలిస్కోప్ గొట్టానికి రెండు వైపులా మూతలు వేసి, లోపల సిలికా జెల్ సంచి, పైన గాలాడని కవరు, పక్కన తేమ కొలిచే ఒక చవక హైగ్రోమీటరు ఉంచండి. సూచీ 60 శాతం దాటిందంటే జెల్ ఓవెన్‌లో వేడి చేసి మళ్ళీ పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు వెలిగిస్తే ఆరుతుందనుకుంటారు, దాని వేడి చాలదు. చిన్న డీహ్యూమిడిఫైయరు పెట్టుకోగలిగితే అంతకన్నా మేలు లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ముందు గాజు మీద మంచు పడుతుంది, దానికి డ్యూ హీటర్ పట్టీ, ముందు గొట్టపు తొడుగు కావాలి.

పగలు కూడా ఈ డోమ్ పనికొస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి ఖగోళవేత్త పియరీ జాన్సెన్ మీ గుంటూరు నుంచే సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటం చూశాడు, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్ళీ పట్టుకున్నాడు. హైడ్రోజన్ విడిచే ఒక ఎర్ర కాంతినే చూపించే హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోప్‌తో ఇవాళ మీ డాబా మీద నుంచి అవే జ్వాలలు చూడొచ్చు. కానీ సూర్యుడు మే 5, ఆగస్టు 7 ప్రాంతాల్లో సరిగ్గా మీ నడినెత్తిన ఉంటాడు. స్లిట్ తెరిచి మరిచిపోతే ఎండ నేరుగా గొట్టంలోకి దిగుతుంది. పగలు తెరిచేముందు ముందు గాజుకు, ఫైండరుకు (గురి చూసుకునే చిన్న దుర్భిణికి) రెండిటికీ మూత ఉందో లేదో చేత్తో ముట్టి చూసుకోండి. 8 అంగుళాల గొట్టానికి ముందు వైపు బిగించే సౌర ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు తిప్పనే వద్దు.

పనుల వరస ఇలా పెట్టుకోండి: సంక్రాంతి తర్వాత పియర్, అది తడుస్తుండగా ఆటోనగర్‌లో రింగులూ వంపులూ, మార్చిలో గోడ, ఏప్రిల్‌లో డోమ్ ముక్కలు లారీలో తెచ్చి డాబా మీదే బిగింపు. మెట్ల మలుపులో 3 మీటర్ల రింగు తిరగదు, క్రేనుతోనో తాళ్ళతోనో బయటి నుంచి ఎత్తాలి. అందుకని పై కరెంటు తీగల దూరం ముందే కొలుచుకోండి. రింగును రెండు అర్ధ చక్రాలుగా తెచ్చి పైన బోల్టులతో కలిపితే ఈ బాధ తగ్గుతుంది. కరెంటుకు విడిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సర్జ్ ప్రొటెక్టరు, డోమ్ రింగుకీ పియర్ పైపుకీ రాగి పట్టీతో ఎర్తింగు. ఉరుములు వినిపిస్తే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గులు పీకెయ్యాలి, ఇంట్లోకి వెళ్ళే నెట్‌వర్కు వైరు కూడా.